వెరావల్ వెళ్లే మావాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది? - మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో హైస్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఉత్తరాంధ్ర నుంచి వలసలు ఆపేస్తామనే మాట ప్రతి సభలోనూ వినపడుతుంది. ఏ ప్రభుత్వం వచ్చినా ఇదే మాట. ఆపడం సంగతి తర్వాత చూద్దాం. అసలు ఎవరు పోతున్నారు, ఎప్పుడు పోతున్నారు, ఎందుకు పోతున్నారు అన్నది ప్రభుత్వానికి తెలుసా అని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పార్టీలకైతే తెలుసు. ఎన్నికలప్పుడు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో సెంట్రింగ్ పని చేసుకునే మా ఊరి కుర్రాడికి పోలింగుకు ముందే ఫోన్ వస్తుంది. బస్సు ఏ అడ్డా దగ్గర ఆగుతుందో, దారిలో భోజనం ఎక్కడో, తిరుగు ప్రయాణం ఎప్పుడో అన్నీ చెబుతారు. అతని పేరు, ఫోన్ నంబరు, ఉంటున్న బస్తీ, ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో అంతా పక్కాగా రాసిపెట్టుకుని ఉంటారు. అదే కుర్రాడు నాలుగో అంతస్తు నుంచి జారి పడ్డాడనుకోండి, ఫలానా మండలం వాడు ఇక్కడికి పనికి వచ్చాడని చెప్పే కాగితం ఏ ప్రభుత్వ ఆఫీసులోనూ దొరకదు.

ప్రభుత్వం దగ్గరున్నవి జనాభా లెక్కలు. 2011లో అప్పటి శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 1,015 మంది ఆడవాళ్లున్నారు. విజయనగరంలో 1,019 మంది. అంతకుముందు పదేళ్లలో ఉమ్మడి రాష్ట్ర జనాభా దాదాపు 11 శాతం పెరిగితే, శ్రీకాకుళంలో ఆరున్నర శాతం, విజయనగరంలో నాలుగు శాతం పైచిలుకు మాత్రమే పెరిగింది. మా జిల్లాలో ఆడపిల్లను చిన్నచూపు చూడరని ఈ అంకెలు చూపించి మురిసిపోయినవాళ్లు ఉన్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. మిగతా నిజం ఏమిటంటే, లెక్క రాయడానికి వచ్చినరోజు మగాళ్లు ఊళ్లో లేరు.

వలస మాకు కొత్తేమీ కాదు. మా తాతల కాలంలో రంగం (రంగూన్) పోయేవారు, రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. 1941 డిసెంబరులో అక్కడ జపాన్ బాంబులు పడ్డాక చాలామంది అడవుల్లో పడి నడిచొచ్చారు. తర్వాత ఖరగ్‌పూర్, పోర్ట్ బ్లెయిర్, పారాదీప్, ఇప్పుడు చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ రేవు. ఊరు మారింది గానీ మూట కట్టుకునే అలవాటు పోలేదని పెద్దలు నవ్వుతూ అంటారు. నవ్వుతూనే అంటారు గానీ, ఆ నవ్వును నమ్మకండి.

ఎందుకు పోతున్నారంటే ఫైళ్లలో 'ఉపాధి లేక' అని రాసేస్తారు. మత్స్యకారుడికి ఉపాధి ఇంటి ముందే ఉందండీ. ఈ జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరంలో మర బోటు నిలుపుకోవడానికి ఒక్క ఫిషింగ్ హార్బరు పూర్తి కాలేదు. మీరు తీరం తెలియనివారు కాదు. అయినా ఒకసారి తెల్లవారుజామున అధికారులూ కెమెరాలూ లేకుండా మా ఒడ్డుకు వచ్చి నిలబడండి. ఆరేడుగురు భుజాలు ఆనించి ఫైబర్ బోటును ఇసుక మీద నుంచి నీళ్లలోకి తోస్తుంటారు. తండేల్ (బోటు నడిపే పెద్ద) వెనక నిలబడి కెరటాల్ని చూస్తుంటాడు. పెద్దవి వరసగా వచ్చి విరిగాక కాస్త సందు దొరుకుతుంది, ఆ సందులోనే బోటు దాటాలి. అడ్డం తిరిగిందా, వలలు పోతాయి, ఇంజను పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. తిరిగొచ్చేటప్పుడూ అదే గండం, అప్పుడు బోటు బరువుగా ఉంటుంది, మనుషులు అలిసిపోయి ఉంటారు.

రోజూ ఇలా చేతులతో లాక్కునే బోటు ఎంత పెద్దది కాగలదు? చిన్న బోటు దూరం పోలేదు. దగ్గర్లో చేప తగ్గిపోయింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ మత్స్యకారులదేనని 1994 చట్టం చెబుతోంది. రాత్రిపూట మర బోట్ల లైట్లు ఎంత దగ్గరగా కనిపిస్తాయో మా ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా చూపిస్తాడు. పైడిభీమవరం వైపు ఊళ్లవాళ్లు ఫ్యాక్టరీ వ్యర్థాల గురించి ఏళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఇన్నిటి మధ్య దొరికిన నాలుగు చేపలకి ఒడ్డున ఐస్ ఉండదు, పెట్టుకోవడానికి చోటు ఉండదు. ఎండ ఎక్కకముందే వ్యాపారి పాడిన వేలంపాటకి ఇచ్చేయాలి. మిగిలింది ఇసుకలో ఎండబెట్టి, గంపకెత్తుకుని అమ్ముకొచ్చేది ఆడవాళ్లు.

నా దగ్గర చదువుకున్న ఒకడు, లెక్కల్లో దిట్ట, పదో తరగతి అయిపోగానే వెరావల్ పోయాడు. సెలవుల్లో కనిపిస్తే అడిగాను, అక్కడేమన్నా బాగా వస్తోందా అని.

"పెద్దగా ఏటీ రాదు మాస్టారూ. ఒక్కపాలి వస్తాది."

ఫైళ్లలో లేని కారణం ఇదే. అక్కడ ఎక్కువ వస్తుందని కాదు, ఒక్కసారిగా వస్తుందని పోతున్నారు. ఇక్కడ వేటకి వాటా, అంటే చేప పడితే ఉంది, లేకపోతే లేదు. ఆయిలు ఖర్చు పోగా వంద మిగిలిన రోజులున్నాయి, అప్పు మిగిలిన రోజులున్నాయి. అక్కడ నెలకి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. ఆగస్టులో బయలుదేరే ముందే అడ్వాన్సు చేతికొస్తుంది. ఆ అడ్వాన్సుతో చెల్లెలి పెళ్లి అవుతుంది, ఇంటికి స్లాబు పడుతుంది, పాత బాకీ తీరుతుంది. తర్వాత మే నెల దాకా ఆ బోటు మీద పని చేసి తీర్చాలి. మా ఊళ్లో మేడలు చూసి వలస వల్ల బాగుపడ్డారని అనుకుంటారు. ఆ మేడల్లో చాలావాటికి సున్నం పడకముందే యజమాని మళ్లీ రైలెక్కాడు.

2018 నవంబరు చివర్లో ఏం జరిగిందో మీకు గుర్తు చేయనక్కర్లేదు. వెరావల్ బోట్ల మీద ఉన్న, ఎక్కువగా ఉత్తరాంధ్రకు చెందిన మత్స్యకారులు 22 మందిని పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరిలో వాళ్లలో ఇరవైమంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. అన్ని పార్టీలూ సంతోషించాయి, సినిమా కూడా వచ్చింది. హార్బరు మాత్రం రాలేదు. ఆ వెంటనే మార్చిలో లాక్‌డౌన్ పడింది. వేలమంది మావాళ్లు వెరావల్ రేవులో బోట్ల మీదే చిక్కుకుపోయి, ఏప్రిల్ చివర దాకా అక్కడే వండుకుని అక్కడే పడుకున్నారు. బస్సులు వేసి తీసుకొచ్చారు, దానికి కృతజ్ఞతలు. కానీ మావాళ్లు ఎవరెవరు అక్కడున్నారో పేర్లు రాసిచ్చింది ప్రభుత్వం కాదు. ఫోన్లు చేసి, వీడియోకాల్స్‌లో తలలు లెక్కపెట్టి, నోటుబుక్కుల్లో రాసిచ్చింది ఊళ్లో చదువుకున్న పిల్లలు.

ఇంకో సంగతి, ఇది పూర్తిగా మీ శాఖదే. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ రెండు నెలలకు ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి ఇరవై వేలకు పెంచారు. బుడగట్లపాలెంలో ఆ సభకు నేనూ వచ్చాను, పెంచినందుకు చప్పట్లు కొట్టాను. అయితే పశ్చిమ తీరంలో నిషేధం వచ్చేది జూన్, జూలైల్లో. మీవాళ్లు ఇక్కడ ఒడ్డున బోట్లు చూసి పేర్లు రాసుకునే రోజుల్లో వెరావల్ వెళ్లినవాడు అక్కడ సముద్రం మీద ఉంటాడు, కాబట్టి అతని పేరు రాదు. అతను ఇంటికొచ్చి రెండు నెలలు ఖాళీగా కూర్చునేటప్పటికి ఇక్కడ పంపకం అయిపోయి ఉంటుంది. అతని బోటు గుజరాత్‌ది, నిజమే. మనిషి ఎక్కడివాడు? ఓటు ఎక్కడ? ఆ ఖాళీ నెలల్లోనే మళ్లీ అడ్వాన్సు తీసుకుంటాడు. ఆ ఇరవై వేలు సరైన నెలలో చేతికొచ్చుంటే బేరమాడే ఓపికైనా ఉండేది.

భవన నిర్మాణానికి పోయేవాళ్ల గురించి ఎక్కువ రాయను, అది మీ శాఖ కాదు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే అందులో ఎంతోమంది మా రెండు జిల్లాల కూలీలే. కుటుంబాలకు కుటుంబాలే అక్కడ ఉన్నాయి, అందుకే బడిలో సంక్రాంతి అయ్యాక బెంచీలు ఖాళీ అవుతాయి. కాంట్రాక్టరు ద్వారా రాష్ట్రం దాటి వెళ్లే కార్మికుడికి ఫొటోతో పాస్‌బుక్కు ఇవ్వాలని 1979 చట్టంలోనే ఉంది. నా ఉద్యోగ కాలమంతా అలాంటి పాస్‌బుక్కు ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఇప్పుడు ఆ చట్టం పోయి 2025 నవంబరు నుంచి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. దాని కింద ఎవరికి ఏం రాసిస్తారో మావాళ్లకు చెప్పిన నాథుడు లేడు.

'ఫ్యాక్టరీలు వస్తే వలస ఆగుతుంది' అనేవాళ్లకు కూడా ఒక మాట. 2010 జూలైలో సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు కాకరాపల్లిలోనూ అంతే. అభివృద్ధికి అడ్డుపడ్డారని అప్పుడు తిట్టినవాళ్లు ఆ బీల (చిత్తడి) భూముల్ని ఒక్కసారి తిరిగి చూశారో లేదో. చేపలు పట్టేవాళ్లు, గడ్డి కోసుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, చివరి మడి దాకా నీరు అందే వరి రైతులు, అందరికీ ఆ బీల ఆధారం. ఊళ్లో ఉండి బతుకుతున్నవాణ్ని ఉద్యోగం పేరుతో ఖాళీ చేయిస్తే వలస తగ్గుతుందా, పెరుగుతుందా? మరి ఫ్యాక్టరీలు ఇప్పటికే ఉన్న పైడిభీమవరంలో గేటు దగ్గర షిఫ్టు వదిలే టైముకి నిలబడండి. ఒడియా వినపడుతుంది, హిందీ వినపడుతుంది. ఆ కుర్రాళ్ల మీద నాకే కోపమూ లేదు, వాళ్లూ మావాళ్లలాగే ఇల్లు వదిలొచ్చినవాళ్లు. కాంట్రాక్టరుకి కావలసింది పండక్కి ఊరెళ్తానని అడగనివాడు, ఇంటికి పోయి పడుకోనివాడు. అందుకే వాళ్లు ఇక్కడ, మావాళ్లు అక్కడ. ఎవరి ఊళ్లో వాళ్లు పని అడిగితే ఎవరికీ నచ్చదు.

పోవద్దని నేను ఎవరికీ చెప్పను. మా ఇళ్లలో సైన్యానికి పోయినవాళ్లున్నారు, గల్ఫ్‌లో వెల్డింగు చేసినవాళ్లున్నారు, అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లున్నారు. వాళ్లది ఎవరూ వలస అనరు, విదేశాల్లో స్థిరపడ్డారంటారు. పోయే హక్కు అందరిదీ. ఇష్టపడి పోయేవాడికీ, అడ్వాన్సు పట్టుకుని పోయేవాడికీ తేడా ఉంది. ఆ తేడా తగ్గించడం మీ చేతిలో ఉంది.

బుడగట్లపాలెం హార్బరు, మంచినీళ్లపేట జెట్టీ గురించి ఏళ్లుగా వింటున్నాం. శిలాఫలకాలు వద్దండీ, పనిచేసే చోట ఒక బోర్డు పెట్టించండి. ఈ నెలలో ఎంత పని అయిందో, ఎంత బిల్లు చెల్లించారో తెలుగులో రాసి ఉండాలి. మా ఆడవాళ్లు చేపల గంపతో ఆ దారిలోనే పోతుంటారు, చదివి మిగతా ఊరికి చెబుతారు. హార్బరు వచ్చేలోగా ప్రతి పెద్ద పల్లెలో ఒక ఐస్ ప్లాంటు పెట్టించినా పాటలో రేటు మారుతుంది.

నిషేధ భృతిని బోటుకి కాకుండా మనిషికి ముడిపెట్టండి. పశ్చిమ తీరానికి వెళ్లినవాడికి జూన్‌లో ఇవ్వండి. రెండుచోట్లా ఎవరైనా తీసుకుంటారని అనుమానం ఉంటే ఆధార్ ఉంది, వేలిముద్ర ఉంది, మీ దగ్గర లేని మెషీను లేదు.

వెరావల్‌లో సీజను పొడుగునా తెలుగు వచ్చిన ఒక అధికారిని కూర్చోబెట్టండి. ఆస్పత్రికైనా, పోలీస్ స్టేషన్‌కైనా, ఓనరు జీతం ఎగ్గొట్టినా మావాళ్లు ముందు ఆ ఆఫీసుకే పోవాలి. సరిహద్దు దగ్గర బోటు కనపడకపోతే ఇంటికి మొదటి ఫోన్ ఆ ఆఫీసు నుంచే రావాలి. 2018లో కొన్ని ఇళ్లకి ఆ కబురు టీవీలో స్క్రోలింగ్‌గా వచ్చింది.

అన్నిటికన్నా తేలికైన పని చివర్న రాస్తున్నాను. గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టరు పెట్టించండి. ఎవరు పోతున్నారు, ఎక్కడికి, ఎవరి బోటు, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరుగు ప్రయాణం. ఊరు వదిలే ముందు చెప్పి వెళ్తే ఇన్సూరెన్స్ వర్తిస్తుందని ఒక్క మాట చెప్పండి, వాళ్లే వచ్చి రాయించుకుంటారు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఆగస్టు మొదటి వారంలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో జనరల్ బోగీ కోసం మావాళ్లు ప్లాట్‌ఫారం మీద చేరేలోపు ఆ జీవో మా సచివాలయానికి అందేలా చూడండి.

ఇట్లు,
ఎచ్చెర్ల మండల తీరం నుంచి ఒక రిటైర్డ్ హైస్కూలు ఉపాధ్యాయుడు