చిన్నాకి, మెష్ ముట్టుకోకముందు

ఒరేయ్ చిన్నా,

రాత్రి రెండింటిదాకా నీ గదిలో లైటు ఆరడం లేదని అమ్మ చెప్పింది. నువ్వేమో ఫోన్లో "ఏం లేదక్కా, మెష్ సైజు తగ్గించి చూస్తున్నా" అంటావు. అక్కడే ఆగు. గోడకి బిగించే నీ స్టీలు బ్రాకెట్ లోడు తట్టుకుంటుందా అని సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్లో నువ్వు వేసి పంపిన లెక్కల బొమ్మలన్నీ చూశాను. వాటిల్లో మెష్‌కి, అంటే మోడల్‌ని లెక్క కోసం చిన్న చిన్న ఎలిమెంట్లుగా ముక్కలు చెయ్యడానికి, సంబంధించిన గొడవ ఒక్కటే, అదీ ఆఖరిది. మిగతావన్నీ ఫిక్స్చర్లు (మోడల్‌ని కదలకుండా పట్టే చోట్లు), కాంటాక్టులు (భాగాలు ఒకదాన్నొకటి తాకే తీరు), యూనిట్లు.

నేను బాగానే ఉన్నాను. పని ఎప్పటిలాగే ఉంది, రాయడానికేం లేదు. ఫైలు పంపితే నేనే సరిచేసి ఇవ్వొచ్చుగా అని అలిగావట. ఇవ్వగలను. కానీ రివ్యూలో "ఈ ముఖాన్ని ఎందుకు ఫిక్స్ చేశావు" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వే కదా. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

ముందు ఆ మెసేజీ సంగతి. డిస్‌ప్లేస్‌మెంట్లు, అంటే జరుగుళ్లు, మరీ ఎక్కువ వచ్చాయి, లార్జ్ డిస్‌ప్లేస్‌మెంట్ ఆప్షన్ వాడమంటావా అని సాలిడ్‌వర్క్స్ అడిగితే నువ్వు అవునని నొక్కేశావు. మొదటిసారి వచ్చినప్పుడు ఎప్పుడూ అలా నొక్కకు. నీది గట్టి స్టీలు బ్రాకెట్, అంత వంగే వస్తువు కాదు. ఆ మెసేజీ వచ్చిందంటే నూటికి తొంభై పాళ్లు ఏదో ఒక భాగం పట్టు లేకుండా వదులుగా ఉందనే. స్టాటిక్ స్టడీలో, అంటే నిలకడ లోడు లెక్కలో, ప్రతి భాగానికీ మూడు దిక్కుల జరుగుడు, మూడు అక్షాల చుట్టూ తిరుగుడు, ఈ ఆరూ ఎక్కడో ఒకచోట ఆగాలి. ఒక్కటి ఆగకపోయినా స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ సింగ్యులర్ అవుతుంది, అంటే సమీకరణాలకి ఒకే జవాబంటూ ఉండదు. ఒక్కోసారి సాల్వర్ మధ్యలో ఆగిపోతుంది, ఒక్కోసారి కొన్ని కిలోమీటర్ల డిస్‌ప్లేస్‌మెంట్ చూపించి ఊరుకుంటుంది.

ఏ భాగం వదులుగా ఉందో కళ్లతో వెతక్కు. అవే భాగాలు, అవే కాంటాక్టులు, అవే ఫిక్స్చర్లతో ఒక ఫ్రీక్వెన్సీ స్టడీ పెట్టి మొదటి పది మోడ్‌లు, అంటే వస్తువు తనంతట తను ఊగే తీరులు, అడుగు. సున్నా హెర్ట్జ్‌కి దగ్గరగా ఎన్ని వస్తే అన్ని కదలికలు ఆపకుండా వదిలేశావన్నమాట. ఆరు వస్తే ఒక భాగం మొత్తంగా గాల్లో ఉంది. ఒకటే వస్తే ఏదో పిన్ను తన అక్షం చుట్టూ తిరుగుతోంది. ఆ మోడ్‌ని యానిమేట్ చెయ్యి, నేరస్థుడు వాడంతట వాడే కదిలి కనిపిస్తాడు. ఒక్క జాగ్రత్త: తాకితేనే పనిచేసే కాంటాక్టుల్ని ఫ్రీక్వెన్సీ స్టడీ మామూలు స్టాటిక్‌లో లాగా లెక్కలోకి తీసుకోదు. అలాంటి జతలకి ఈ పరీక్ష వరకూ బాండెడ్ (అతికించినట్టు) పెట్టి చూడు, తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ రా.

మోడల్‌ని మెత్తటి స్ప్రింగులతో పట్టుకునే సాఫ్ట్ స్ప్రింగ్ ఆప్షన్ పెడితే మెసేజీ పోయిందని సంబరపడ్డావు. అది నొప్పి మాత్ర లాంటిది, రోగం అలాగే ఉంటుంది. రోగమేంటో తెలిశాక వాడితే తప్పులేదు. వాడినా రియాక్షన్ ఫోర్సులు (ఫిక్స్చర్లు తిరిగి ఇచ్చే బలాలు) చూసి తీరాలి, స్ప్రింగులు లోడులో వాటా తినేస్తున్నాయేమో తెలియాలి.

నీ అసెంబ్లీలో వదులుగా ఉన్నది చెయ్యిలా బయటికి వచ్చిన ప్లేటు అనుకుంటున్నాను. బేస్ ప్లేటుకి అది ఆనుకుని ఉన్నట్టు తెర మీద కనిపిస్తుంది గానీ, బయటి నుంచి స్టెప్ ఫైలుగా తెచ్చిన మోడల్ కదా, మధ్యలో మిల్లీమీటరులో పదో వంతు ఖాళీ ఉన్నా గ్లోబల్ బాండెడ్ దాన్ని అతికించదు. ఒప్పుకునే గ్యాప్ చాలా తక్కువ. రెండు ముఖాల మధ్య దూరం మెజర్ టూల్‌తో కొలువు. ఖాళీ ఉంటే జ్యామెట్రీ సరిచెయ్యి, లేదా ఆ రెండు ముఖాలకీ విడిగా లోకల్ బాండెడ్ ఇవ్వు. అలాగే ఇంటర్‌ఫియరెన్స్ డిటెక్షన్ కూడా ఒకసారి నడిపించు. భాగాలు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకున్నా మెష్ మొరాయిస్తుంది.

అమ్మతో చెప్పు, మందులు సోమవారం నుంచి మార్చుకోమని డాక్టరు అన్నది నాకు గుర్తుంది, ఆదివారం ఫోన్ చేసి గుర్తు చేస్తాను. నువ్వు కూడా దగ్గరుండి చూడు.

ఇక ఆ ప్లేటుకి పట్టు ఉన్న రన్‌లో చివర నీకు వచ్చిన 1905 మిల్లీమీటర్ల వంపు. నువ్వు భయపడ్డావు గానీ నాకు ఆ అంకె చూడగానే ప్రాణం కుదుటపడింది. చేత్తో లెక్క వెయ్యి. ప్లేటు 200 మి.మీ. పొడుగు, 40 వెడల్పు, 10 మందం, చివర 500 న్యూటన్లు. సెక్షన్ మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (అడ్డుకోత ఆకారం వంపుని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అంటే 40 × 10 × 10 × 10 ÷ 12, దాదాపు 3333. చివర వంపు అంటే లోడుని పొడుగు ఘనంతో గుణించి, మూడింతల యంగ్స్ మాడ్యులస్ (పదార్థం సాగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే అంకె), ఇనర్షియాల లబ్ధంతో భాగించడం. 210000 మెగాపాస్కల్స్ వేస్తే 1.905 మి.మీ. వస్తుంది. నీకు సరిగ్గా వెయ్యి రెట్లు వచ్చింది. అంటే కస్టమ్ మెటీరియల్‌లో గిగాపాస్కల్స్ అనుకుని 210 అని కొట్టావు, ఆ గడి మెగాపాస్కల్స్‌ది. ఇంకో సాక్ష్యం కూడా నీ బొమ్మలోనే ఉంది: ప్లేటు మొదట్లో, బేస్ దగ్గర స్ట్రెస్ మాత్రం 150 చుట్టుపక్కలే వచ్చింది. చేతి లెక్కలోనూ అంతే, 6 × 500 × 200 ÷ (40 × 100) = 150 మెగాపాస్కల్స్. ఇలాంటి ఒంటి చేతి బీములో స్ట్రెస్‌కి మాడ్యులస్‌తో పనిలేదు, వంపుకి ఉంది. స్ట్రెస్ సరిగ్గా ఉండి వంపు ఒక్కటే చెడితే ముందు మెటీరియల్ చూడు. రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగితే లోడు చూడు.

లోడు అంటే గుర్తొచ్చింది. ఫోర్స్ ఇచ్చేచోట రెండు ముఖాలు ఎంచుకుని "పర్ ఐటెమ్" మీద వదిలేస్తే ఒక్కో ముఖానికీ 500 పడుతుంది, మొత్తం 1000. రిజల్ట్స్ మీద రైట్ క్లిక్ చేసి రియాక్షన్ ఫోర్సుల జాబితా తెరువు. పైకి వచ్చే మొత్తం 500 ఉండాలి, మిగతా రెండు దిక్కుల్లో సున్నాకి దగ్గరగా ఉండాలి. రెండు నిమిషాల పని. ఇది చూడకుండా రంగుల బొమ్మ తెరవడం మానెయ్. డెన్సిటీ కూడా చూసుకో: యూనిట్లు తనే మార్చుకోని సాల్వర్లో మిల్లీమీటరు, న్యూటన్ పట్టుకుంటే ద్రవ్యరాశి టన్నుల్లోకి వెళ్తుంది, స్టీలు 7.85 × 10⁻⁹ అవుతుంది, గురుత్వం 9810. అక్కడ 7850 కొడితే గ్రావిటీ లోడు ఆకాశానికి అంటుతుంది.

బేస్ ప్లేటు వెనక ముఖం మొత్తానికీ ఫిక్స్‌డ్ ఇచ్చావు. అలా ఇస్తే గోడ ప్లేటుని జిగురులా పట్టుకుంటుంది, పై అంచుని కూడా లేవనివ్వదు. నిజంగా అయితే పై అంచు గోడ నుంచి లేస్తుంది, కింది అంచు ఒత్తుకుంటుంది, లాగుడంతా పై రెండు బోల్టుల మీద పడుతుంది. ఆ లాగుడే నీకు కావలసిన అంకె, నీ మోడల్లో అదే లేదు. వెనక వర్చువల్ వాల్ (ప్లేటు లేవగలిగే, లోపలికి చొచ్చుకోలేని ఊహా గోడ) పెట్టు, నాలుగు రంధ్రాలకీ ఫౌండేషన్ బోల్టులు ఇవ్వు. ఎం8, 8.8 గ్రేడు బోల్టుకి స్ట్రెస్ ఏరియా 36.6 చదరపు మి.మీ., ప్రీలోడ్ (బిగింపు బలం) 15000 న్యూటన్ల దాకా ఇవ్వొచ్చు. టార్క్‌గా ఇస్తే 0.2 × 8 × 15000 = 24000 న్యూటన్ మిల్లీమీటర్లు, అంటే 24 న్యూటన్ మీటర్లు. ఫోర్స్ గడిలో 24 కొట్టావో, బోల్టు బిగించనట్టే. ఫిక్స్‌డ్ మరీ ఎక్కువ ఇవ్వడం వల్ల ఇంకో గొడవ ఉష్ణోగ్రతతో వస్తుంది. రెండు చివరలా కదలనివ్వకుండా పట్టేసిన స్టీలు కడ్డీ 50 డిగ్రీలు వేడెక్కితే, లోడేమీ లేకుండానే 210000 × 0.000012 × 50 = 126 మెగాపాస్కల్స్ ఒత్తుడు వస్తుంది.

ఇప్పుడు మెష్. నువ్వు పంపిన మూడు బొమ్మల్లో లోపలి మూల దగ్గర స్ట్రెస్ 205, తర్వాత 270, తర్వాత 365. ఎలిమెంట్ సగం చేసిన ప్రతిసారీ మూడో వంతు పెరుగుతోంది, ఎక్కడా ఆగదు. పదును మూల అంటే సిద్ధాంతం ప్రకారమే అక్కడ స్ట్రెస్ అనంతం. ఎంత సన్నని మెష్ వేస్తే అంత పెద్ద అంకె వస్తుంది, డిజైన్ చెడ్డదని కాదు. నిజం ప్లేటుకి అక్కడ వెల్డో, రేడియస్సో ఉంటుంది కదా, 3 మి.మీ. ఫిల్లెట్ (గుండ్రటి మూల) పెట్టు. ఆ ఫిల్లెట్ ముఖానికి మాత్రం మెష్ కంట్రోల్ ఇచ్చి 0.8 మి.మీ. పెట్టు, ఆ వంపులో ఆరు ఎలిమెంట్లు పడతాయి. మిగతా అంతా 5 మి.మీ. చాలు, మందంలో రెండు వరసలు వస్తాయి. డ్రాఫ్ట్ క్వాలిటీ వద్దు: నాలుగు నోడ్‌ల టెట్రా (నాలుగు ముఖాల ఎలిమెంట్) వంపులో మరీ బిగుసుకుపోతుంది, వంపు తక్కువ చూపిస్తుంది. పది నోడ్‌లది వాడు. స్ట్రెస్ 190 నుంచి 200 మధ్య నిలబడాలి, మెష్ ఇంకోసారి సన్నం చేసినా అయిదు శాతం కన్నా మారకూడదు. నోడల్, ఎలిమెంట్ స్ట్రెస్ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టు. అదే చోట రెండింటికీ పెద్ద తేడా ఉంటే అక్కడ మెష్ చాలలేదు.

మెష్ అసలు పడకపోతే సైజుని గుడ్డిగా తగ్గించకు. భాగాల్ని ఒక్కొక్కటే మెష్ చేసి ఏది మొరాయిస్తోందో పట్టుకో. బోల్టు మరలు, చెక్కిన అక్షరాలు, బయటి అంచుల చిన్న ఛాంఫర్లు సప్రెస్ చెయ్యి. లోపలి మూల ఫిల్లెట్ మాత్రం ఉంచు. పలకలు మందానికి ఇరవై రెట్లు వెడల్పున్న పల్చటివైతే సాలిడ్ మాని షెల్ (మందాన్ని అంకెగా ఇచ్చే పలక ఎలిమెంట్) వాడు. మెమొరీ చాలక ఆగిపోతే ఐటరేటివ్ సాల్వర్‌కి మారు, ఎడమ కుడి ఒకేలా ఉంటే సగం మోడల్‌కి సిమెట్రీ ఇవ్వు. బక్లింగ్ (ఒత్తుడికి పక్కకి వంగిపోవడం), ఫ్రీక్వెన్సీలకి మాత్రం సిమెట్రీ వాడకు, సగం మోడ్‌లు మాయమవుతాయి. రిజల్ట్ ఫోల్డరు క్లౌడ్‌తో సింక్ అయ్యేచోట పెట్టకు, లోకల్ డిస్కులో చిన్న పేరుతో పెట్టు.

ఈల్డ్ (స్టీలు శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్ట్రెస్) 250 మెగాపాస్కల్స్ దాటి రంగు వస్తే, ఆ పైన ఉన్న అంకెల్ని లీనియర్ స్టడీలో నమ్మకు. దాటిందని మాత్రం నమ్ము.

"కంప్యూటర్ చెప్పాక మళ్లీ చేత్తో లెక్కెందుకు" అన్నారట నాన్న. 'స్లైప్నర్-ఎ' సంగతి చెప్పు ఆయనకి. 1991 ఆగస్టు 23న నార్వేలో సముద్రపు చమురు వేదికకి పునాదిగా కట్టిన కాంక్రీటు నిర్మాణం, నీళ్లలో దించి పరీక్షిస్తుండగా మునిగిపోయింది. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో మూడు గోడలు కలిసేచోట మెష్ సరిగా లేక షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువ చూపించింది. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్కేస్తే 62 మీటర్ల లోతులో విరుగుతుందని వచ్చింది, నిజంగా విరిగింది 65 దగ్గర. ఎవరూ చనిపోలేదు గానీ దాదాపు 70 కోట్ల డాలర్ల నష్టం. రంగులు అందంగానే వచ్చుంటాయి వాళ్లకి కూడా.

నాన్న గొంతు మొన్న కాస్త బరువుగా అనిపించింది. జలుబేనా? నాకు దాచకండి, దూరంగా ఉన్నానని దాస్తే ఇంకా భయమేస్తుంది.

నువ్వు ఫెయిల్ అవ్వవురా. తప్పులు దొరికాయి, దొరికిన తప్పు సగం పని. మాడ్యులస్ మార్చి, వర్చువల్ వాల్, ఫిల్లెట్ పెట్టి నడిపించి, నాకు నాలుగు అంకెలు పంపు: సున్నా మోడ్‌లు ఎన్ని, రియాక్షన్ మొత్తం, చివర వంపు, పై బోల్టుల్లో లాగుడు. బొమ్మలు పంపకు. పంపినా డిఫార్మేషన్ స్కేలు 1 దగ్గర పెట్టి పంపు, లేకపోతే అమ్మ చూసి బ్రాకెట్ విరిగిపోయిందనుకుంటుంది.

అక్క