అమ్మ సంగతి మాకు చెప్పినవారికి

ముందుగా తెనాలిలో మా ఇంటికి పాలు పోసే తమ్ముడికి నమస్కారం. పోయిన శ్రావణంలో ఫోను చేసి, "అన్నా, ఏమీ అనుకోవద్దు. అమ్మగారు ఈ నెల డబ్బులు మూడోసారి ఇవ్వబోయారు. పైసాతో సహా లెక్క చెప్పే మనిషి కదా" అన్నాడు. తీసుకుని ఊరుకున్నా మాకు తెలిసేది కాదు.

నేను హైదరాబాద్ నుంచి రోజూ మాట్లాడుతూనే ఉన్నాను. అన్నం తిన్నావా అని అమ్మ రెండుసార్లు అడిగితే ప్రేమ అనుకున్నాను. పక్కింటి పిన్నిగారిని గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు, చారులో చింతపండు మరచిపోతోందని, ఏళ్ల తరబడి వెళ్లే గుడి నుంచి వస్తూ ఒకరోజు దారి తెలియక సందు మొదట్లో నిలబడిపోయిందని. ఆ రోజు చేయి పట్టుకుని ఇంటికి తెచ్చింది ఆవిడే. పిన్నిగారూ, ఆ రుణం తీర్చుకోలేను.

మొదట చూపించిన చోట "డెబ్బై దాటాక మామూలే" అన్నారు. నమ్మి ఊరుకునేవాళ్లమే. నర్సుగా పనిచేసే మా మేనమామ కూతురు ఒప్పుకోలేదు. "పేరు చటుక్కున గుర్తు రాకపోతే వయసనుకోవచ్చు. రోజూ చేసే పనే తడబడితే చూపించాల్సిందే బావా" అని మెమరీ క్లినిక్‌కు తనే వెంట వచ్చింది.

అక్కడ పరీక్షంతా తెలుగులోనే జరిగింది. ఇలాంటి పరీక్షలను తెలుగువారికి తగినట్టు మలచడం వెనుక నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం కృషి ఉంది. వారికీ దండాలు. గడియారం బొమ్మ గీయమంటే అమ్మ పన్నెండు అంకెలనూ కుడివైపే ఇరికించింది. కాగితం వైపు చాలాసేపు చూసి, "ఇది సరిగ్గా లేదు కదమ్మా" అంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. సైకాలజిస్టు ఆ కాగితం పక్కన పెట్టి, "పిల్లలకు గడియారం చూడటం ఎలా నేర్పేవారు టీచరుగారూ?" అని అడిగారు. అమ్మ ముఖం తేటపడింది. మేడమ్, ఆ ఒక్క ప్రశ్నకు మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు.

థైరాయిడ్ తేడాలు, బి12 లోపం ఉన్నా మరుపు రావచ్చు, అవైతే మందులతో సర్దుకోవచ్చని ముందు రక్తపరీక్షలు చేశారు. తరువాత ఎంఆర్ఐ. చివరికి అల్జీమర్స్ తొలిదశ అని తేలింది. డొనెపెజిల్ అనే మందు ఇస్తూ, జబ్బు పోదు, కొంతకాలం నిలదొక్కుకోవడానికి సాయపడవచ్చు అని డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు.

తొందరగా తెలియడం వల్ల బ్యాంకు, పెన్షను విషయాలు అమ్మే స్వయంగా నిర్ణయించింది. ఆవకాయ కొలతలు తన చేతిరాతతోనే రాసి ఇచ్చింది.

ఇప్పుడు పాల డబ్బు అందగానే తమ్ముడు గోడమీది క్యాలెండరులో "ముట్టింది" అని రాసి, అమ్మకు చూపించి వెళ్తున్నాడు.