కుండలు నేర్పితే ఆవం దాకా నేర్పాలి

సంపాదకులకు,

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక వృత్తిదారుల దగ్గర పని నేర్చుకోవాలని సూచించిన జాతీయ విద్యా విధానం–2020, ఆ వృత్తుల్లో కుండల తయారీని కూడా పేర్కొంది. నేను చూసినంతలో మాత్రం, కుమ్మరి సారె (కుండలు చేసే చక్రం) ముందు పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, తలా రెండు నిమిషాలు మట్టి తాకించి, ఫొటోలు తీసుకోవడంతోనే ఆ ముచ్చట ముగుస్తోంది. ఆ పచ్చి కుండలు కాలడం పిల్లలు చూడనే చూడరు.

హైస్కూలు విద్యార్థులకు నేర్పదగిన శాస్త్రం ఎక్కువగా ఉన్నది ఆ కాల్చడంలోనే. తడి ఆరని కుండను తొందరపడి ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పెడితే లోపలి నీరు ఆవిరై దాన్ని పగలగొడుతుంది. వేడి సుమారు 500, 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, మట్టితో రసాయనికంగా కలిసి ఉన్న నీరు కూడా పోయాక, ఆ కుండ ఎంత నానినా తిరిగి బురద కాదు. 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువుల స్ఫటిక నిర్మాణం మారుతుంది కాబట్టి ఆ దశను, కాలేటప్పుడైనా చల్లారేటప్పుడైనా, నెమ్మదిగా దాటించాలి. ఉష్ణమాపకం లేకుండానే ఆ నెమ్మదిని పాటిస్తూ వచ్చినవారు మన కుమ్మరులు. పచ్చి పలకపై 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరాక ఒకసారి, కాల్చాక ఒకసారి కొలిపిస్తే, మట్టి ఎంత కుంచించుకుపోయిందో చూపే శాతాల లెక్క చేతికే తెలుస్తుంది. రంజన్‌లో నీళ్లు చల్లబడేది కాలిన మట్టిలోని సన్నని రంధ్రాల వల్లనే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి శిఖరపు ఇటుకలు నీటిపై తేలడానికీ వాటిలోని రంధ్రాలే కారణం. మన పిల్లలు విహారయాత్రకు వెళ్లి చూసి వచ్చే గుడే అది.

సారె మీద చేయి కుదరడానికి నెలలు పడుతుంది కాబట్టి మొదట మట్టిని తాళ్లలా సాగదీసి, ఒకదానిపై ఒకటి చుట్టి పాత్రలు చేయించడం మేలు. నీడలో ఆరడానికే రోజులు పడుతుంది గనుక పది రోజులను ఒక్కసారిగా కాక, వారానికి ఒకటి చొప్పున కేటాయించాలి. పొగ, మంటల దృష్ట్యా ఆవం బడిలో వద్దు. కుమ్మరి ఆవం దగ్గరికే పిల్లలను తీసుకెళ్లి, దూరంగా నిలబెట్టి చూపించాలి.

నేర్పేవారికి అతిథి అధ్యాపకులకు ఇచ్చినట్లే గౌరవ వేతనం ఇవ్వాలి. పెళ్లికి ఐరేని కుండలు, పండుగకు బోనం కుండ వారింటి నుంచే తెచ్చుకునే మనం, వారిని తరగతి గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టడానికి ఎందుకు వెనకాడుతున్నామో నాకు అర్థం కాదు. ఈ పని కుమ్మరి ఇళ్ల పిల్లలకే అప్పగించకుండా ఆడపిల్లలు, మగపిల్లలు అందరితోనూ చేయించాలి.

వానల్లో కుండలు ఆరవు, ఆవమూ సరిగా కాలదు. కనుక దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతిలోపు కాల్చడం పూర్తయ్యేలా, చెరువు మట్టి తెచ్చుకోవడానికి అనుమతి కూడా ముందే ఇప్పించి, కార్యక్రమాన్ని రూపొందించాలని వరంగల్, హనుమకొండ జిల్లాల విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ