పేరు తెల్వని అక్కకు, ఇంకా అందరికీ వందనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. క్రిస్మస్ శుభాకాంక్షలు ఒక దినం ఆలస్యంగ చెప్తున్న, మన్నించుండ్రి.

24 రాత్రి ఆరాధన అయినంక మా సంఘంల 120 మంది పిల్లలకు తలా ఒక బట్ట చుక్క, అంటె నక్షత్రం, ఒక చిన్న నాడ సంచి ఇచ్చినం. ఫొటోలు చూసి శానమంది ఫోన్ చేసిండ్రు, "ఒక్కదానివే ఇన్ని ఎట్ల కుట్టినవు" అని. నేను ఒక్కదాన్నే కుట్టలేదు, దవాఖానల కలిసిన ఒక అక్క గూడ కుట్టింది. ఆ మాట చెప్పనీకే ఇది రాస్తున్న. కండ్లు మండుతున్నయి, సూది పోట్లకు వేళ్ల కొసలు మొద్దువారినయి, ఫోన్ మీద అక్షరాలు సరిగ్గ పడ్తలేవు. తప్పులుంటె సర్దుకొని చదువుండ్రి. రేపు రాద్దామంటె మల్ల పనిల పడి మర్చిపోత.

ఈ చుక్కల ఆలోచన పోయినేడు పుట్టింది. మెదక్ చర్చిని ప్రతిష్ఠ చేసింది 1924 డిసెంబర్ 25న. నూరేండ్లు నిండుతున్నయని 2024 క్రిస్మస్‌కు మేము గూడ పోయినం. బయట దుకాణాల్ల ఎక్కడ చూసినా ప్లాస్టిక్ చుక్కలే. ఒక చిన్నపిల్ల కొనుక్కున్న చుక్కకు బస్సు ఎక్కకముందే ఒక కొమ్ము విరిగింది. ఆ పిల్ల దాన్ని పారెయ్యలేదు, విరిగిన ముక్కను ఇంకో చేతిల పట్టుకొని కూసున్నది. వచ్చేడు మా పిల్లలకు విరగని చుక్క ఇయ్యాలె అని అప్పుడే అనుకున్న.

నేను కాజీపేటల జాకెట్లు కుడుత. ఇరవై ఏండ్ల నుంచి అదే పని, కాబట్టి ఇంట్ల కట్ పీసులకు కొదువ లేదు. మా వాడకట్టు ఆడోళ్లు కట్టని బతుకమ్మ చీరెలు గూడ తెచ్చి ఇచ్చిండ్రు. 2017 నుంచి సర్కారు పంచిన సిరిసిల్ల చీరెలు, ఎవలింట్ల చూసినా పెట్టెల ఒకటన్న ఉంటది. ఆ బట్ట జారుతది, పోగులు లేస్తయి, చుక్కకు పనికి రాదు. కాని జరీ అంచు కోసి చుక్కను వేలాడదీసే నాడకు పెడితె మంచిగ మెరిసింది. సంచుల అడుగుకు కొత్తవాడ జంపఖానా ముక్కలు పెట్టిన. అది మందం, రెండు మిషన్ సూదులు విరిగినయి, కాని ఆ సంచి ఇగ చినగది.

లోపల నింపనీకి పత్తే పెట్టాలె అనుకున్న. ఏనుమాముల అసొంటి పత్తి మార్కెట్ ఊర్లె పెట్టుకొని ప్లాస్టిక్ దూది కొనుడేందని నా పట్టుదల. మా తమ్ముడు ఊరి నుంచి ఒక బస్త పత్తి తెచ్చి వేసిండు. గింజలు తీసుడు ఎంత పనో అప్పుడు నాకు సమజ్ కాలేదు.

చుక్క చూస్తె అలకగ కనవడ్తది. రెండు ముక్కలు ఎదురుబొదురు పెట్టి చుట్టూ కుట్టి, ఒకటిన్నర అంగుళం మూతి వదలాలె. లోపలి అయిదు మూలల్ల కత్తెరతోని గాటు పెట్టాలె. గాటు తక్కువైతె తిప్పినంక ముడుతలు పడ్తది, ఎక్కువైతె కుట్టు తెగి పత్తి బయటికొస్తది. కొమ్ముల కొసలు చీపురు పుల్లతోని తోసి, పత్తి నింపి, ఆ మూతిని కనపడని కుట్టుతోని చేత్తోనే మూయాలె. మిషన్ పని తొందరగనే అయింది. ఈ మూతుల పనే తెగలేదు.

డిసెంబర్ 11 పొద్దుగాల మా ఆయనకు కడుపునొప్పి లేచింది. మధ్యాహ్నానికి అపెండిక్స్ పగిలిందన్నరు. ఆపరేషన్ అయింది, తొమ్మిది రోజులు దవాఖానల ఉన్నం.

అప్పటికి నింపి మూసిన చుక్కలు 41. మిగిలిన 79 ఒక సంచిల, పత్తి ఇంకో సంచిల వేసుకొని దవాఖానకు తీస్కపోయిన. "ఈ టైంల అవసరమా" అని చుట్టాలల్ల కొందరన్నరు. నాకు అవసరమే. చేతులు ఊకె ఉంటె మనసు ఎటెటో పోతది. పిల్లలకు మాట గూడ ఇచ్చిన. వార్డుల పత్తి తియ్యద్దని సిస్టర్ చెప్పింది, ఆమె చెప్పింది న్యాయమే. అందుకే వార్డు తలుపు బయట, మా ఆయన మంచం కనవడే తీరుగ మెట్ల దగ్గర కూసొని కుట్టిన.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతె నా కడుపు చల్లారది. ఏ దవాఖాననో రాయను. డాక్టర్లు మా ఆయన పాణం కాపాడిండ్రు, వాళ్లకు దండం పెడుత. కాని రోగి వెంట ఉండే మనిషి గురించి అక్కడ ఒక్కరన్న ఆలోచించిండ్రా? రోగికి మంచం ఉన్నది. ఆ రోగిని ఎత్తి, కూసోబెట్టి, కడిగి, మందులకు ఉరికే ఆడామెకు నడుము వాల్చనీకి జాగ గూడ లేదు. రాత్రి పది కాంగనే లేవుండ్రి లేవుండ్రి అని వెళ్లగొడ్తరు. అర్ధగంటకు లోపలి నుంచే పిలుస్తరు, "పేషెంట్ అటెండెంట్ ఎక్కడ" అని. ఇద్దరూ ఒకే దవాఖాన మనుషులు. రక్తం సీసా చేతికిచ్చి పక్క బిల్డింగుకు పొమ్మంటరు, అక్కడ కిటికి మూసి ఉంటది. డిసెంబర్ చలిల, మెట్ల మీద, ఆడోళ్లు చెప్పులు తలకింద పెట్టుకొని పంటున్నరు. మంచినీళ్లకు కింది దాక దిగాలె. ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒక బాత్రూం కట్టనీకి ఎంతయితది? నేను అడిగిన. "రాసి ఇయ్యుండ్రి" అన్నరు. రాసి ఇచ్చిన. ఆ కాగితం ఏమైందో దేవునికి తెలుసు.

సరే, ఆ అక్క గురించి రాయాలె.

ఆమె పెనిమిటి మా ఆయన పక్క మంచం మీదనే ఉండె. కడుపుల గడ్డ అన్నరు. నర్సంపేట దిక్కు ఊరు. 14 నాడు వచ్చిండ్రు. రెండు రోజులు మేము మాట్లాడుకున్నది ఏం లేదు, మందుల చీటీలు పట్టుకొని ఆమె ఒక దిక్కు, నేను ఒక దిక్కు ఉరుకుడే. 16 రాత్రి తొమ్మిది దాటినంక మెట్ల దగ్గరికొచ్చి నా పక్కన కూసున్నది. సద్ది డబ్బ తీసి జొన్నరొట్టె సగం తుంచి, టమాట తొక్కు పెట్టి నా చేతికిచ్చింది. తిన్నవా అని అడగలేదు. నేను తినలేదని చూసే ఉన్నట్టుంది.

రొట్టె తిన్నంక నా పత్తి సంచిల చెయ్యి పెట్టింది.

"గిదేంది చెల్లె, గడ్డలు గడ్డలే నింపుతున్నవ్? పిలగాని చేతుల గట్టిగ తలుగుతది" అన్నది. పిడికెడు పత్తి తీసుకొని బొటనవేలితోని గింజ ఎగజిమ్మింది. ఒక్క వేలితోనే. నేను ఒక్క గింజకు పట్టే సేపట్ల ఆమె నాలుగు తీస్తున్నది. తీసిన దూదిని రెండు చేతుల మధ్య విప్పి విప్పి పొగ లెక్క చేసి, ముందుగాల కొమ్ములల్ల పెట్టి, అటెన్క నడుమ పెట్టింది. ఆ చుక్కను పట్టుకుంటె అంతకుముందు నేను చేసినవి రాళ్ల లెక్క అనిపించినయి. 

ఆమె చేతులు అప్పుడు చూసిన. పత్తి కాయ చీరిన గీతలు మణికట్టు దాక ఉన్నయి. మూడెకరాలు కౌలుకు చేస్తున్నరట. పత్తి పగిలి చేను తెల్లగ ఉన్నది, ఏరే మనిషి లేడు. "మంచుకు తడుస్తున్నది చెల్లె. తేమ పన్నెండు శాతం దాటితె పత్తి కొనే సర్కారు సంస్థ, సీసీఐ, తీసుకోదు" అన్నది. ఆ మాట అనుకుంటనే నా పత్తికి గింజలు తీస్తున్నది. తన పంట అక్కడ చేను మీద ఉన్నది, ఆమె ఇక్కడ ఎవలో తెల్వని పిల్లల కోసం నా బస్తల పత్తి విప్పుతున్నది. నాకు ఏం మాట్లాడాలెనో తోచలేదు.

"ఎవలికి ఇవి?" అని అడిగింది. క్రిస్మస్‌కు పిల్లలకు అని చెప్పిన.

"సుక్కనా? మంచిది. మేం గూడ వేగుసుక్క పొడవంగనే లేస్తం, పత్తి ఏరనీకి" అన్నది. బైబిల్ల ప్రభువు తనను తాను వేకువ చుక్క అని చెప్పుకున్న వాక్యం నాకు చిన్నప్పటి సంది నోటికొచ్చు. ఆ చుక్కను చూసి రోజూ పనికి లేచేవాళ్లున్నరని ఎన్నడు అనుకోలేదు.

కుట్టు గూడ చూపించుమన్నది. బోరెల మూతులు దబ్బనంతోని కుట్టే చెయ్యి ఆమెది. కనపడని కుట్టుల ఈ మడతల నుంచి సూది పోనిచ్చి, ఆ మడతల నుంచి తీసి, నాలుగు కుట్లకొకసారి దారం గుంజాలె. రెండు చుక్కలు చూసింది. మూడోది తానే కుట్టింది. కుట్టు ఎక్కడున్నదో నాకే కనపడలేదు.

అటెన్క "నువ్వు పండుకో, నేను చూస్త" అన్నది.

అయిదు రాత్రులాయె నేను కన్ను మూయక. వద్దక్కా, సెలైన్ బాటిల్ చూడాలె అన్న. "రెండు మంచాలు పక్కపక్కనే గదా, ఒక్కటి చూసే కండ్లు రెండు చూడవా" అన్నది. ఆమె సద్ది డబ్బ నల్ల దగ్గర కడిగి తెచ్చి, నా సంచిమీద పెట్టి, గోడకు ఆనుకున్న. అంతే యాది. 

లేచేసరికి నాలుగున్నర. ఉరికి లోపలికి పోతె మా ఆయనకు కొత్త బాటిల్ ఎక్కుతున్నది. పక్క మంచం ఖాళీ.

మా ఆయనే చెప్పిండు. రాత్రి రెండుసార్లు బాటిల్ అయిపోకముందే ఆమె పోయి సిస్టర్‌ను పిలుచుకొచ్చిందట. ఆయన నీళ్లడిగితె ఇయ్యద్దన్నరని, తడి గుడ్డతోని పెదవులు తుడిచిందట. నాలుగింటికి ఆమె పెనిమిటికి ఊపిరి ఆడకపోతె హైదరాబాద్‌కు రాసిండ్రు. కాగితం మీద సంతకం కోసం ఆమెను రెండు అంతస్తులు తిప్పిండ్రట. ఆ ఉరుకులాటల గూడ, అంబులెన్స్ కాడికి పోయేముందు, మా ఆయన దగ్గర ఆగి, "చెల్లెను లేపకు, పండనీ" అని చెప్పి పోయిందట.

మెట్ల దగ్గరికొచ్చి సంచి తీసి చూసిన. నింపి, మూసి, కొమ్ములు సవరించి, పదేసి చొప్పున దారంతోని కట్టి పెట్టిన చుక్కలు. లెక్కపెట్టిన. 37. ఇంకొకటి సగం మూసి ఉన్నది. దానికే సూది గుచ్చి, తప్పిపోకుంట దారం మూడు చుట్లు చుట్టి పెట్టింది. మనిషి పాణం మీదికొచ్చి పిలుస్తుంటె, ఆ సూది ఎవలి కాలికన్న గుచ్చుకుంటదేమోనని ఆగి చుట్టింది. ఆ మెట్ల మీదనే కూసొని ఏడ్చిన. మా ఆయనను ఆపరేషన్‌కు తీస్కపోయిననాడు గూడ నేను ఏడవలేదు.

ఆ సగం చుక్కను మూయలేదు. సూది గూడ తీయలేదు. పిల్లలకు లెక్క తక్కువ కాకుంట ఇంకొకటి కొత్తది కుట్టిన.

20 నాడు ఇంటికొచ్చినం. మిగిలిన సంచులన్నీ మా బిడ్డ ఇంటర్ పరీక్షల చదువుల నడుమ మిషన్ మీద కుట్టింది. మా ఆడబిడ్డ పది రోజులు వండి పంపింది. తమ్ముడు పైసలు సర్దిండు. వాళ్లు నావాళ్లు, చేస్తరు. వాళ్లకు ఇక్కడ థ్యాంక్స్ రాస్తె కోపం చేస్తరు గూడ.

మా పాస్టర్ గారికి, ప్రార్థన చేసిన సంఘపు అక్కలకు వందనాలు. దారం రీళ్లు, నాడాలు ఉద్దెరకిచ్చి "పండుగ అయినంక చూద్దాం తీయమ్మా" అన్న దుకాణం సేటుకు వందనాలు. వచ్చే వారం బాకీ కడుత. పత్తి బయట తియ్యనిచ్చి, రాత్రిపూట నన్ను వెళ్లగొట్టకుంట కాపాడిన ఆ సిస్టరమ్మకు శాన రుణపడి ఉన్న. మర్చిపోయిన, డిశ్చార్జి నాడు మూడు గంటలు గేటు కాడ ఆగి వెయిటింగ్ పైసలు తీసుకోని ఆటో తమ్మునికి గూడ. రోజూ పొద్దుగాల చాయ్‌ల చక్కెర ఎక్కువేసి ఇచ్చిన పిలగానికి. మా కోళ్లకు గింజలేసిన ఎదురింటి ముసలమ్మకు. జాకెట్లు ఆలస్యమైనా ఒక్క మాట అనని నా గిరాకీలకు. ముగ్గురికి పెండ్లి జాకెట్లున్నయి, ఈ ఆదివారం లోపల ఇచ్చేస్త.

24 రాత్రి ఒక చిన్న పిలగాడు చుక్కను చెంపకు ఆనించుకొని "ఆంటీ, దీనిల ఏమున్నది, గింత మెత్తగున్నది" అని అడిగిండు. పత్తి నాయనా అని చెప్పిన. వానిది ఆ అక్క నింపిన చుక్కనే అయుంటది.

నర్సంపేట, నెక్కొండ, ఖానాపురం దిక్కు ఊర్లోళ్లు ఎవలన్న ఇది చదువుతుంటె ఒక్క సాయం చేయుండ్రి. యాభై దాటిన మనిషి, సన్నగ పొడుగ్గ ఉంటది, కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడి ఉంటది. మూడెకరాల పత్తి కౌలు. డిసెంబర్ 17 తెల్లారుజామున పెనిమిటిని వరంగల్ నుంచి హైదరాబాద్‌కు తీస్కపోయిండ్రు. ఆయన ఎట్లున్నడో నాకు తెల్వాలె. చేను మీద పత్తి ఇంకా ఉంటె ఏరనీకి నేనొస్త, నాతోని మా సంఘం ఆడోళ్లు పదిమంది వస్తమన్నరు. 

ఆమె సద్ది డబ్బ నా దగ్గరనే ఉండిపోయింది. స్టీలుది. మూత మీద పేరు చెక్కించుకున్నరు కాని తోమి తోమి అరిగిపోయింది. రాత్రి దీపం కింద పెట్టి శానసేపు చూసిన. ఆఖరికి "మ్మ" అన్న అక్షరం ఒక్కటే కనవడ్తున్నది.