పాత అమెరికన్ కార్ల చక్రాలను వెనక్కి తిప్పి చూడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికా పాత మజిల్ కార్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. మధ్యతరహా కారులో పెద్ద కారు ఇంజను పెట్టడమనే ఉపాయం 1964 నాటి పోంటియాక్ జీటీవోతో ఎలా ఊపందుకుందో, ఒక తరం కుర్రకారును ఎలా పట్టుకుందో వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే చక్రాల విషయంలో ఆయన ఇచ్చిన తీర్పును మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. కంపెనీ బిగించి పంపిన చక్రాలుంటేనే కారు అసలైనదనీ, బయట కొన్నవి బిగిస్తే దాని విలువ పోయినట్లేననీ ఆయన రాశారు. విచిత్రమేమిటంటే, అసలైన చక్రాలకు ఉదాహరణగా అదే పుటలో వేసిన 1969 షెవర్లే కమారో ఫొటోలో ఉన్నవి క్రేగర్ కంపెనీ ఎస్/ఎస్ చక్రాలు. ఐదు స్పోకులతో అద్దంలా మెరిసే ఆ చక్రాలను షెవర్లే కర్మాగారం బిగించలేదు; ఆ కారును కొన్న వారెవరో విడిగా కొని బిగించుకున్నవే. ఫొటో కింది వాక్యాన్ని సవరిస్తూ ఒక చిన్న ప్రకటన వేయవలసిందిగా మనవి. ఇక నేను మిషిగన్‌లో స్థిరపడి, అల్యూమినియం పోతల నాణ్యతను పరీక్షించే ఉద్యోగం చేసిన వాడిని కనుక, ఈ చక్రాలను ఎలా ఎంచుకోవాలో కొంత వివరంగా రాస్తున్నాను.

మొదట చరిత్ర సంగతి. ఆ రోజుల్లో చాలా కార్లు మామూలు ఉక్కు చక్రాలతో, వాటి మీద రేకు మూతలతో షోరూమ్ దాటేవి. కొన్న కుర్రవాడు ముందుగా మార్చేది ఆ చక్రాలనే. రోమియో పాలమీడిస్, జిమ్ ఎలిసన్ 1956లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నెలకొల్పిన అమెరికన్ రేసింగ్ సంస్థ డ్రాగ్ పందేల (తిన్నని బాట మీద కొద్ది దూరం సాగే వేగపు పోటీల) కోసం తేలికపాటి మెగ్నీషియం చక్రాలను పోతపోసింది. ఐదు స్పోకుల టార్క్ థ్రస్ట్ నమూనా ఆ పందేల బాటలోనే రోడ్డు మీదికి వచ్చింది. క్రేగర్ ఎస్/ఎస్ 1964లో వచ్చింది. మధ్యభాగం అల్యూమినియం పోత, చుట్టూ ఉక్కు రిమ్ము, మొత్తానికి క్రోమ్ పూత ఉండటంతో ధర అందుబాటులోకి వచ్చి, వీధి వీధికీ పాకింది. కంపెనీలు కూడా వీటిని అంటరానివిగా చూడలేదు. 1965లో కారల్ షెల్బీ ఫోర్డ్ మస్టాంగ్‌కు మార్పులు చేసి జీటీ350 పేరుతో అమ్మినప్పుడు, అదనపు ధర చెల్లించిన వారికి క్రేగర్ తయారుచేసిన 15 అంగుళాల చక్రాలనే ఇచ్చారు. 1968లో ‘బులిట్’ సినిమాలో నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద ఉరికించిన ముదురాకుపచ్చ మస్టాంగ్‌కు ఉన్నవి కూడా ఫోర్డ్ చక్రాలు కావు, టార్క్ థ్రస్టులు. ఆ కారు 2020లో వేలంలో 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. బయటి చక్రాలు తగిలిస్తే విలువ పోతుందన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అలాగని చేతికి దొరికినది బిగించుకోవచ్చని నా ఉద్దేశం కాదు. కర్మాగారం నుంచి వచ్చిన స్థితికి అణువంత తేడా లేకుండా కారును నిలబెట్టి పోటీలో మార్కులు తెచ్చుకోదలచిన వారికి వ్యాసకర్త మాటే సరైనది. వారు ఆ కారుకు ఆ సంవత్సరం కంపెనీ ఇచ్చిన ఉక్కు చక్రాన్నో, పోంటియాక్ ర్యాలీ 2నో, ఫోర్డ్, క్రైస్లర్ కార్లు రెండింటి మీదా కనిపించే మాగ్నమ్ 500నో వెతుక్కోవలసిందే. కానీ కొన్న మర్నాడే యజమాని చేసుకున్న మార్పులతో సహా కారును నిలబెట్టే పద్ధతి కూడా ఇక్కడ ఉంది. వాటిని డే టూ కార్లంటారు. వాటికీ క్రమశిక్షణ ఉంది, బహుశా ఎక్కువే ఉంది. కారు ఏ సంవత్సరానిదో, చక్రం కూడా ఆ సంవత్సరంలో ఆ కుర్రవాడు దుకాణంలో కొనగలిగినదై ఉండాలి. 1966 నాటి షెవర్లే షెవెల్ మీద 1970లలో వచ్చిన సెంటర్ లైన్ కంపెనీ పళ్ళేల్లాంటి చక్రాలు బిగిస్తే, అవి ఎంత పాతవైనా ఆ కారుకు అతకవు. నాకైతే అలాంటి కలగాపులగం కంటే మామూలు ఉక్కు చక్రమే నయమనిపిస్తుంది.

సంవత్సరం కుదిరాక చూడవలసినది చక్రం ముఖం కాదు, వీపు. కొనేవారిలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. స్టడ్‌లు, అంటే చక్రాన్ని బిగించే మరల కడ్డీలు, ఉన్న వృత్తపు వ్యాసం ఫోర్డ్ కార్లకూ, క్రైస్లర్ మధ్యతరహా కార్లకూ నాలుగున్నర అంగుళాలు. కమారో, షెవెల్ వంటి జనరల్ మోటార్స్ కార్లకు నాలుగు ముప్పావు. మన ఊళ్ళలో ఇన్నోవాకు అల్లాయ్ వీల్స్ కొనేవారికి దుకాణదారు పీసీడీ 114.3 అని చెబుతాడు కదా, ఆ నాలుగున్నర అంగుళాలే అది, మిల్లీమీటర్లలోకి మారింది అంతే. ఐదు స్టడ్‌ల చక్రంలో రంధ్రాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండవు కనుక టేపు అడ్డంగా పెట్టి కొలవడం కుదరదు. పక్కపక్కనున్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం కొలిచి 1.7తో హెచ్చవేస్తే వ్యాసం వస్తుంది. ఆ దూరం మొదటి రకానికి సుమారు 67 మిల్లీమీటర్లు, రెండో రకానికి 71. అంటే తేడా నాలుగు మిల్లీమీటర్లకు మించదు. టేపును కాస్త వాల్చి పట్టుకుంటే చాలు, ఫోర్డ్ చక్రం షెవర్లే చక్రంగా కనబడుతుంది. క్రైస్లర్ చిన్న కార్లయిన పాత డార్ట్, వాలియంట్‌లకు మళ్ళీ నాలుగు అంగుళాల వృత్తం ఉండేది, ఆ కొలతలో పాత చక్రాలు దొరకడం కష్టం.

ఇంత చిన్న తేడా కనుకనే, ఒకే చక్రాన్ని పలు కార్లకు అమ్ముకునేందుకు ఆనాటి తయారీదారులు గుండ్రని రంధ్రాలకు బదులు కోలగా ఉండే రంధ్రాలు చేశారు. వీటిని యూనీ-లగ్ అంటారు. వీటిలో చక్రాన్ని సరైన చోట నిలబెట్టేది నట్టు కాదు, నట్టు కింద ఉండే వాషర్. ఆ వాషర్ రంధ్రం నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఏ కొలతకు ఏ వైపు తిప్పాలో చూసుకుని ఐదింటినీ ఒకే తీరుగా పెట్టాలి. ఒక్కటి తిరగబడినా చక్రం కేంద్రం తప్పి, వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ వణుకుతుంది. టైరు బ్యాలెన్స్ చేయించినా ఆ వణుకు తగ్గదు, ఎందుకంటే లోపం టైరులో లేదు. నట్లు కూడా వేరు. ఉక్కు చక్రానికి శంఖువులా ముందుకు సన్నబడే నట్టు వాడతారు. ఈ పాత చక్రాలకు నేరుగా ఉండే గొట్టం వంటి కాడ గల నట్టు కావాలి. ఒకదాని చోట మరొకటి బిగిస్తే బిగుసుకున్నట్లే ఉంటుంది, కానీ అల్యూమినియాన్ని కొరుక్కుంటూ సడలిపోతుంది. కొత్తగా బిగించాక యాభై, వంద మైళ్ళు తిరిగి, నట్టు బిగువును కొలిచే టార్క్ రెంచితో మరోసారి సరిచూసుకోవడం తప్పనిసరి.

తరువాతది బ్యాక్‌స్పేసింగ్, అంటే చక్రం వెనుక అంచు నుంచి, ఇరుసు చివర చక్రాన్ని బిగించే హబ్‌కు ఆనే తలం వరకు ఉండే లోతు. చక్రాన్ని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, వెనుక అంచుల మీద తిన్నని కర్రను అడ్డంగా ఆనించి, కర్ర నుంచి హబ్‌కు ఆనే చదును భాగం వరకు లోతు కొలవాలి. రిమ్ము వెడల్పు ఏడు అంగుళాలంటే అది టైరు కూర్చునే చోటి లెక్క. బయటి అంచు నుంచి అంచుకు ఎనిమిది ఉంటుంది. కనుక సరిగ్గా నడిమి గీత నాలుగు అంగుళాల దగ్గర ఉంటుంది. లోతు నాలుగుంపావు వస్తే చక్రం నడిమి గీత హబ్ తలం కంటే పావు అంగుళం లోపలికి జరిగినట్లు. తొలి తరం కమారో ముందు భాగానికి ఇలాంటి 15 అంగుళాల చక్రం సాధారణంగా ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. అదే వెడల్పున్న చక్రానికి లోతు మూడే అంగుళాలుంటే? అంగుళంపావు బయటికి తోసుకొస్తుంది; గతుకులో పడినప్పుడల్లా టైరు దాని పైనుండే ఫెండర్ రేకు అంచుకు తగిలి చెక్కుకుపోతుంది, బేరింగ్‌ల మీద భారం పెరుగుతుంది. 1970ల ఫొటోల్లో కార్ల వెనుక భాగం గాలిలోకి లేచి ఉండటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది కొంత ఫ్యాషన్, కొంత గత్యంతరం లేక చేసిన పని. బయటికొచ్చిన వెడల్పు టైర్లు ఫెండర్‌కు తగలకుండా, గాలి నింపే షాక్ అబ్జార్బర్లతో బండిని పైకెత్తేవారు.

బ్రేకుల విషయం కూడా వెనుక వైపు నుంచే తేలుతుంది. డ్రమ్ బ్రేకుల కాలంలో వచ్చిన టార్క్ థ్రస్ట్ స్పోకులు ముందు డిస్క్ బ్రేకులున్న కార్లలో డిస్కును పట్టి ఆపే క్యాలిపర్లకు తగిలేవి. అందుకే స్పోకును వంపు తిప్పి టార్క్ థ్రస్ట్ డి అనే రకం తెచ్చారు. ఇప్పుడు పాత కార్లకు భద్రత కోసం డిస్క్ బ్రేకులు పెట్టించుకుంటున్న వారు ఎక్కువ. అది మంచి పనే. అయితే ముందు బ్రేకులు ఖరారు చేసుకుని, తరువాత చక్రాల వేటకు బయలుదేరాలి. 14 అంగుళాల పాత చక్రాలు చాలా డిస్క్ కిట్‌ల మీద కూర్చోవు.

ఇక లోహం సంగతికి వస్తాను, నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే కనుక. ఆరంభ కాలపు మెగ్నీషియం చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి, చేత్తో ఎత్తితే ఇంత తేలికా అనిపిస్తుంది. కానీ ఆ లోహం తేమను ఓర్చుకోదు. అర్ధశతాబ్దం దాటిన మెగ్నీషియం పోతలో లోపల ఎక్కడ తినివేసి ఉందో పైకి తెలియదు. వాటిని ప్రదర్శనకు దాచుకోవచ్చు, పిల్లలను ఎక్కించుకుని హైవే మీదికి వెళ్ళడానికి మాత్రం నేను సలహా ఇవ్వను. అల్యూమినియం చక్రాలు అంత ప్రమాదకరం కాకపోయినా, స్పోకు మొదట్లోనూ రంధ్రాల చుట్టూనూ పగుళ్ళు వస్తాయి. రంగు ద్రవం పూసి తుడిచాక పగులులో మిగిలిపోయిన గీతను పట్టే డై పెనెట్రెంట్ పరీక్షను ఏ ఇంజను షెడ్డులోనైనా తక్కువ ఖర్చుతో చేస్తారు. క్రోమ్ చక్రాల సంగతి మరీ మోసకారిది. ఒక పాత సామాన్ల సంతలో అమ్మకందారు ముఖం పైకి పెట్టి వరుసగా పేర్చిన నాలుగు చక్రాలను నేను తిప్పి చూస్తే, రిమ్ముకూ అల్యూమినియం మధ్యభాగానికీ నడుమ అతుకు పొడవునా తెల్లని పొడి రాలుతోంది, ఒకదానికి అంచు వంగిన చోట వెల్డింగ్ చేసి రుద్దిన గుర్తు ఉంది. పైన పటారం, లోన లొటారం. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వాటిలో అల్యూమినియం కరిగిపోవడం సహజం. కొత్తగా వేసిన క్రోమ్ దాన్ని కప్పుతుందే కానీ ఆపదు.

ఈ చికాకులన్నీ వద్దనుకునే వారికి అవే నమూనాలు కొత్తగా పోసినవి దొరుకుతున్నాయి. రోజూ నడిపే కారుకు అవే మేలని నిస్సంకోచంగా చెబుతాను. అయితే వాటిని 18, 20 అంగుళాల్లో కూడా అమ్ముతున్నారు. పెద్ద బ్రేకులు పెట్టించిన కారుకు 17 వరకు సరే. అంతకు మించితే, లావుపాటి టైరు పక్క గోడను ఊహించుకుని గీసిన ఆ ఫెండర్ వంపులో సన్నటి రబ్బరు పట్టీ మిగిలి, కారు వేరొకరి చెప్పులు తొడుక్కున్నట్లు ఉంటుంది. ఇది నా అభిరుచి మాత్రమే, కాదనేవారు ఉంటారు.

క్రైస్లర్ కార్లు కొనేవారికి ఒక హెచ్చరిక. 1970 వరకు వచ్చిన వాటిలో ఎడమవైపు స్టడ్‌లకు రివర్స్ థ్రెడ్, అంటే ఎదురు దిశలో తిరిగే మర, ఉండేది. తెలియని మెకానిక్ గాలి గన్ను పెట్టి మామూలు దిశలో ఊడదీయబోతే నట్టు మరింత బిగిసి స్టడ్ విరుగుతుంది. కొత్త చక్రాలకు నట్లు కొనేటప్పుడు కూడా ఆ పక్కకు వేరే నట్లు అడగాలి. టైర్ల విషయానికొస్తే, ఆనాటి కొలతల్లో ఎఫ్70-14 అనే 14 అంగుళాల టైరుకు ఇప్పటి రేడియల్స్‌లో దాదాపు సరిపోయేది 215/70 కొలత. పాత చక్రాలతో పాటు ఉచితంగా వచ్చే టైర్లను గాడి లోతు చూసి నమ్మవద్దు. 2000 నుంచి పక్క గోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి, అవి చూడాలి.

పాత కార్లూ వాటి సామాన్లూ అమ్మే పెన్సిల్వేనియాలోని కార్లైల్ సంతకు గానీ, అక్టోబరు ఆరంభంలో జరిగే హెర్షీ సంతకు గానీ వెళ్ళదలచిన తెలుగువారు ఇక్కడ చాలామందే ఉన్నారు. టేపు, తిన్నని కర్ర, చిన్న టార్చి వెంట తీసుకెళ్ళండి. చక్రం వెనుక పోతలో ఉబ్బెత్తుగా ఉండే తయారీదారు పేరు, కొలత, కొన్నిటికి తేదీ గుర్తు చదివి, నాలుగూ ఒకే కొలతవని తేల్చుకున్నాకే బేరం మొదలుపెట్టండి. నడిమి మూతలు అడగడం మరవవద్దు. చక్రాలు దొరికినా వాటి మూతలు విడిగా దొరకడం కష్టం, దొరికితే అమ్మేవాడు చెప్పిందే ధర.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మిషిగన్, అమెరికా