విషయం: వెనకనుంచి లారీ గుద్దిన కారుకు ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగిన నష్టం) క్లెయిమ్‌లో సగం కోత

మోటార్ క్లెయిమ్స్ మేనేజర్ గారికి,

జాతీయ రహదారి 65 మీద, కొర్లపహాడ్ టోల్‌ప్లాజా ముందు లైన్లో ఆగి ఉన్న మా కారును వెనకనుంచి లారీ గుద్దింది. మా కారు ముందుకు జరిగి ఎదుట ఆగి ఉన్న కారుకు తగిలింది. "సడన్ బ్రేకు వేశారు, సగం తప్పు మీదే" అంటూ మీరు క్లెయిమ్‌లో 50 శాతం కోసేశారు.

అసలు ఓన్ డ్యామేజ్‌కు తప్పెవరిదన్న లెక్కతో పనే లేదు. లైసెన్సు ఉంది, తాగి నడపలేదు, పాలసీ అమల్లో ఉంది. తప్పులో వాటాలు తేల్చేది థర్డ్ పార్టీ (నష్టపోయిన అవతలివాళ్ల) పరిహారం కోసం, అదీ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో. ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు 50 శాతం తరుగుదల, 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయల తప్పనిసరి మినహాయింపు వంటివి కోసుకోండి, కాదనం. మీరు కోసిన సగం పాలసీలో ఏ క్లాజు కిందికి వస్తుందో రాయండి.

పోనీ, తప్పు సంగతే చూద్దాం. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలనంత దూరం పాటించడం వెనక డ్రైవర్ బాధ్యత. 2018లో నిషాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా వెనక వచ్చిన కారుదే తప్పంది. 2025లో అదే కోర్టు ముందు ఆగిన కారుపై 50 శాతం వేసిన మాట నిజమే. కానీ ఆ కారు హైవే మధ్యలో హెచ్చరిక లేకుండా ఆగింది. టోల్‌గేటు దగ్గర ఆగక ఏం చేస్తారు?

నష్టం అంచనా వేయడానికి వచ్చిన మీ సర్వేయర్, మా కారు ముందు బంపర్ పగులు చూసి, మేమే ముందు గుద్దామని తేల్చారు. అదే నిజమైతే ఎదుటి కారులోవాళ్లకు రెండు కుదుపులు తగలాలి: మేం గుద్దినప్పుడొకటి, లారీ నెట్టినప్పుడొకటి. తగిలింది ఒక్కటేనని వాళ్లు రాసిచ్చిన కాగితం జతచేశాం. పైగా పరుగులో గట్టిగా బ్రేకు తొక్కితే కారు ముక్కు కిందికి దిగి, దెబ్బ బానెట్ అంచుకు, గ్రిల్‌కు తగులుతుంది. ఇక్కడ బంపర్ బంపర్‌కే సమంగా ఒత్తుకుంది. బ్రేకు లైటు వెలగలేదన్నది లారీ డ్రైవర్ మాట. ఎడమవైపు పగిలిన టెయిల్ ల్యాంపులో బల్బు అలాగే ఉంది. ఫిలమెంట్ సాగి వంకర తిరిగింది. వెలుగుతూ వేడిగా ఉన్న తీగే అలా సాగుతుంది, చల్లగా ఉన్నది పుటుక్కున తెగుతుంది. ఆ బల్బును సర్వేయర్ ఫొటో కూడా తీయలేదు.

కాబట్టి సర్వే రిపోర్టు కాపీ ఇవ్వండి. బల్బు, బంపర్ మార్చకముందే వేరే సర్వేయర్‌ను షెడ్డుకు పంపండి. టోల్‌ప్లాజా సీసీ ఫుటేజీ చెరిగిపోకముందే మీరు రాసి తెప్పించండి. పూర్తి సొమ్ము చెల్లించాక లారీ తరఫువాళ్ల దగ్గర రాబట్టుకునే హక్కు మీదే, ఆ హక్కు మీకు బదిలీ చేసే సబ్రోగేషన్ పత్రం మీద సంతకం పెడతాం. క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మా నో క్లెయిమ్ బోనస్, ఎలాగూ పోయింది.

30 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తాం. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇట్లు,
పాలసీదారు, నల్లగొండ