వీస్‌బాడెన్ వేడినీళ్ళు

మైన్జ్, జర్మనీ,
అక్టోబర్ 12, ఆదివారం

అమ్మా,

ఉత్తరం చూసి కంగారు పడకు. నాకేం కాలేదు. ఫోన్‌లో చెబుదామంటే సగంలో నువ్వు ఏడుస్తావు, నేను నెట్ సరిగ్గా లేదని పెట్టేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నా. పోస్టులో వేస్తే ఇది కొత్తగూడెం చేరేసరికి నాయనమ్మ సంవత్సరీకం దాటిపోతుంది, కాబట్టి పేజీలన్నీ ఫోటో తీసి తమ్ముడికి పంపిస్తా. వాడు చదివి వినిపిస్తాడు. ఒరేయ్, మధ్యలో నీ వ్యాఖ్యానాలు వద్దు, ఉన్నది ఉన్నట్టు చదువు.

ఆస్పత్రిలో డ్యూటీ మామూలే. ఈ వారం మూడు నైట్లు పడ్డాయి, అయిపోయాయి. భాష ఇప్పుడు పర్వాలేదు, ముసలివాళ్ళు నోట్లో నోట్లో గొణిగితేనే అర్థం కాదు. టైముకి తింటున్నాను. నువ్విచ్చిన నల్లకారం ఇంకా సగం సీసా ఉంది.

నిన్న నాకు సెలవు. గదిలో ఉంటే పొద్దంతా పడుకుని రాత్రంతా మేలుకోవడమే, అందుకని వీస్‌బాడెన్ వెళ్ళొచ్చా. ఎక్కడో దూరమనుకోకు. రైన్ నదికి ఇవతల మేం, అవతల ఆ ఊరు. భద్రాచలం నుంచి సారపాక పోయినట్టే, కాకపోతే రైల్లో. ఏడాదిగా పక్కనే ఉండి ఇప్పుడా వెళ్ళడం అని నాన్న అంటాడు, అననీ.

ఊరి పేరులోనే స్నానం ఉంది. 'బాడ్' అంటే స్నానం. భూమిలోంచి వేడినీళ్ళు ఉబికి వస్తాయని రోమన్ల కాలం నుంచే జనం వచ్చి మునిగేవాళ్ళట. ఇంకో సంగతి విను. ఆ రోజుల్లో ఇక్కణ్ణుంచి తెల్లజుట్టుకి రంగు వేసే ఉండలు రోమ్ దాకా పోయేవట. నాకు పెళ్ళిళ్ళ ముందురోజు రాత్రి మన బాత్‌రూమ్ గోడ మీది నల్లమచ్చలు గుర్తొచ్చి, ఒక్కదాన్నే రోడ్డు మీద నవ్వుకున్నా.

ఊరి నడిమధ్య ఎర్ర ఇటుకల చర్చి ఒకటుంది, దాని శిఖరం 98 మీటర్లు. పక్కనే శనివారం సంత. ద్రాక్షపళ్ళు కొనుక్కుని తింటూ నడిచాను. కడుక్కునే తిన్నాను, సంతలోనే కుళాయి ఉంది.

అక్కణ్ణుంచి కొంచెం పైకి పోతే కొఖ్‌బ్రున్నెన్. మరిగే బావి అని అర్థం. బావి కనబడదు. చిన్న పార్కు లాంటి చోట రాతి పళ్ళెం ఒకటి, దాంట్లోంచి నీళ్ళు పొగలు కక్కుతూ అంచులు దాటి కారుతుంటాయి. అవి కారినచోటల్లా ఎర్రగా, పసుపుగా పొరలు పొరలుగా గట్టిపడిపోయింది. అచ్చం ఇరవై ఏళ్ళు తోమని కాగు అడుగు. నీళ్ళు పైకొచ్చేటప్పుడు 66 డిగ్రీల వేడి ఉంటాయట. పక్కన మంటపం, లోపల కుళాయిలు. తాగొచ్చు. ఒక పెద్దావిడ స్టీలు గ్లాసు సంచిలోంచి తీసి, పట్టుకుని, ఊదుకుంటూ కూర్చుని తాగింది. మన కాఫీ తాగినట్టే. నేను దోసిలి పట్టి ఒక్క గుక్క తాగాను. ఉప్పగా ఉంది, ఇనప మేకు చప్పరించినట్టుంది. రెండో గుక్క పోలేదు.

కానీ చెయ్యి తీయలేకపోయానమ్మా. ఆ పొగ, ఆ వాసన. కళ్ళు మూసుకుంటే భద్రాచలం దగ్గరి మన గుండాల వేడినీళ్ళే. ముక్కోటికి భద్రాచలం పోయినప్పుడు నాయనమ్మ నన్ను గోదావరి ఇసుకలోకి తీసుకెళ్ళేది గుర్తుందా, నువ్వు గట్టు మీదే ఉండిపోయేదానివి, చలి అని. ఆమె కొబ్బరిచిప్పతో ఇసుక తోడుతుంటే మూరెడు లోతుకే నీళ్ళు ఊరేవి. ముందు నా వేలు పెట్టించేది కాదు, తన వేలు ముంచి చూసి, "ఊఁ, ఇప్పుడు పెట్టు" అనేది. తర్వాత తువ్వాలు తడిపి మోకాళ్ళకి చుట్టుకుని, "భూమమ్మ పొయ్యి మీద పెట్టిన నీళ్ళే ఇవి, కట్టెల ఖర్చు లేదు" అని నవ్వేది. ఇక్కడ మోకాళ్ళ కోసం డబ్బులు కట్టి, నెలల తరబడి ఉండి స్నానాలు చేసేవాళ్ళట పెద్దపెద్ద రాజులు. ఆమెకి చెబితే నమ్మేది కాదు.

అమ్మా, ఒకటి చెప్పాలి. సంవత్సరీకానికి లీవు ఇవ్వలేదని చెప్పాను కదా. వాళ్ళు ఇవ్వకపోవడం కాదు. నేను అడగలేదు.

డబ్బు కోసమని నాన్న అనుకుంటే అనుకోనీ, అది కూడా కాదు. టిక్కెట్టు ఖరీదే, అయినా అప్పు డిసెంబర్‌కి తీరిపోతుంది, ఆ మాత్రం సర్దుకోగలను. పోయినేడు నేనొచ్చి రెండు నెలలు కాకముందే కబురొచ్చింది. తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు. వాడి చెయ్యి వణికి నాకు కనిపించింది పందిరి గుంజ, నాన్న భుజం, ఎవరివో చెప్పులు. అంతే. ఇప్పటికీ నా లెక్కలో ఆమె వరండాలో మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూనే ఉంది. వస్తే ఆ మంచం చూడాలి. మీరందరూ ఏడాదిగా చూస్తున్నారు, మీకు అలవాటైంది. నాకింకా మొదటిరోజు కూడా కాలేదు. అందుకని అడగలేదు. ముందు అబద్ధం చెప్పినందుకు కోప్పడు, ఇందుకు మాత్రం కోప్పడకు.

సరే, ఊరి సంగతి పూర్తి చేస్తా.

కుర్‌హౌస్ అని పెద్ద భవనం ఉంది, 1907లో కట్టింది. ముందు పచ్చిక, రెండువైపులా ఫౌంటెన్లు, స్తంభాల వరసలు. స్నానాలకొచ్చిన గొప్పోళ్ళు సాయంత్రాలు సంగీతం వింటూ కాలక్షేపం చెయ్యడానికి. దాంట్లోనే జూదశాల కూడా. 1865లో రష్యా రచయిత దస్తయేవ్‌స్కీ ఈ ఊరొచ్చి రూలెట్ ఆడి చేతిలో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. రమ్మీ యాప్‌లో ఇలాగే పోగొట్టుకున్న ఆ అల్లుడు ఏమయ్యాడు, తిరిగొచ్చాడా? ఫోన్‌లో చెప్పు.

స్నానశాలలు ఇప్పటికీ ఉన్నాయి. 1913 నాటిదొకటి చూద్దామని తలుపు దాకా పోయాను. బోర్డు చదివితే లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదట, ఆడా మగా అందరికీ అదే పద్ధతి. ఆస్పత్రిలో నాకు ఇవన్నీ మామూలే కానీ, అది డ్యూటీ, ఇది నేను. వెనక్కి తిరిగి వచ్చేశాను. తమ్ముడూ, ఈ పేరా నాన్న ముందు చదవకు.

నాన్నకి మాత్రం ఒకటి చెప్పు, చాలా నచ్చుతుంది. ఊరి చివర నేరోబెర్గ్ అనే గుట్ట. దాని పైకి 1888 నుంచి ఒక బండి నడుస్తోంది, ఇంజను లేదు. పసుపురంగు పెట్టెలు రెండు, ఒకటే తాడు. పైనున్న పెట్టె అడుగు ట్యాంకులో నీళ్ళు పడతారు, ఏడువేల లీటర్ల దాకా పడతాయి. ఆ బరువుకి అది దిగుతుంటే కిందిది పైకి లేస్తుంది. కింద ఎంతమంది ఎక్కారో చూసి పైన అన్ని నీళ్ళు నింపుతారు. కిందికి రాగానే నీళ్ళు వదిలేస్తారు, అవే మళ్ళీ పంపుతో పైకి. పొడవు 438 మీటర్లే, మెల్లగా పోతుంది. బొగ్గుబాయిలో టబ్బులు లాగే తాడు దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషి, ఇది చూస్తే సాయంత్రం దాకా దిగడు. వీడియో తీశాను, పంపుతా. మోకాలు ఎలా ఉంది? మాత్రలు టిఫిన్ తిన్నాకే వేసుకోమను. పరగడుపున వద్దని వందసార్లు చెప్పాను.

గుట్ట మీద బంగారు గోపురాల చర్చి ఉంది, రష్యన్లది. ఇక్కడి నస్సావు ప్రభువు అడోల్ఫ్, రష్యా చక్రవర్తి వంశంలోని ఎలిజబెత్ అనే అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్ళినాటికి పిల్లకి 17. ఏడాదికే, 1845లో కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఆయన దుఃఖంతో ఆమె సమాధి మీద ఈ చర్చి కట్టించాడు. లోపల పాలరాతిలో ఆమె పడుకున్నట్టే ఉంటుంది. నేను చాలాసేపు చూశాను. కాన్పు వార్డులో చేసినవాళ్ళకి అది బొమ్మలా కనిపించదు. ఆయన తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడనుకో. ఇప్పుడు చెప్పు, నాకు 27 వచ్చాయని మీరు చేసే హడావుడి ఎంతవరకు న్యాయం? ఆ ఖమ్మం సంబంధం వాళ్ళకి ఇంకా మాటివ్వొద్దు. వద్దని కాదు. సంక్రాంతికి వస్తాను కదా, మాట్లాడి చెప్తా. సంక్రాంతికి నిజంగానే అడిగాను, ఇచ్చారు కూడా. ఇది అబద్ధం కాదు.

వచ్చేటప్పుడు ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టుకొచ్చా. ఎందుకో తెలీదు. మైన్జ్ చేరేసరికే చల్లారిపోయాయి. పొద్దున చూస్తే సీసా అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. పారబొయ్యలేదు, కిటికీలో ఉంది.

శనివారం నాడు కాకికి పెట్టేటప్పుడు, గారెలతో పాటు కొంచెం వేపుడు చేప కూడా పెట్టాలి అని నాకుంది. పంతులుగారు ఒప్పుకోరని తెలుసు. ఆయన వెళ్ళిపోయాక, పెరట్లో, నువ్వొక్కదానివే వెళ్ళి పెట్టు. నాన్నకి చెప్పకు. ఈ ముక్క కూడా చదవొద్దురా.

నీ
చిన్ని